ఉద్దానంపై నోటితో జవాబు చెప్పించండి

సంపాదకుడు గారికి,

లోక్‌సభ ప్రశ్నోత్తరాల జాబితాలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితోనే జవాబు చెప్పాల్సినవి, ఉంటాయి, మంత్రి లేచి నాలుగైదింటికి జవాబు చెప్పేసరికే గంట అయిపోతుంది, అదీ సభలో గొడవ లేకపోతేనే. గుర్తు లేని 230 ప్రశ్నల వరకు కాగితం మీద జవాబే. కాగితాన్ని తిరిగి నిలదీయలేం కదా! రక్షణ శాఖ దేశ భద్రత అని దాటేస్తే సరేలెండి, మా జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకి కారణం ఎందుకు తేలలేదు, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు డయాలసిస్ రోగులకు కేంద్రం ఏం ఇస్తోంది అనడంలో రహస్యమేముంది? "సమాచారం సేకరిస్తున్నాం" అని మంత్రి అంటే అది హామీ కిందే లెక్క, మూడు నెలల్లో తీర్చాలి, చూడ్డానికి ఓ కమిటీ కూడా ఉంది. మన ఎంపీలు, ఏ పార్టీవారైనా, వచ్చే సమావేశాల్లో నక్షత్ర గుర్తు ప్రశ్నే వేసి, జవాబు మీద అక్కడికక్కడే అడిగే అనుబంధ ప్రశ్నలకీ సిద్ధపడి వెళ్లాలి.

- ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా