రూల్ 75లో ఆ 21 రోజుల మెలిక తీసేయండి: కేంద్ర వాణిజ్య, పరిశ్రమల మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నెల్లూరులో డీఎస్సీ, గ్రూప్స్ మెటీరియల్ అచ్చువేసే చిన్న పబ్లిషర్లం. ఆన్‌లైన్‌లో దొంగ కాపీ కనిపిస్తే ఎలా ఫిర్యాదు చేయాలో, సర్వీసు దాన్నెలా ఆపాలో చెప్పే కాపీరైట్ రూల్ 75 గురించి పెట్టుకున్న అర్జీలకు ఇంతవరకూ జవాబు లేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాం.

పుస్తకం ట్రంకు రోడ్డు షాపులకు చేరిన వారంలోపే పీడీఎఫ్ ఫైల్ షేరింగ్ సర్వీసుల్లోకి ఎక్కుతోంది. తెరిచి చూస్తే పేజీ అంచున స్కాన్ చేసినవాడి బొటనవేలు, అట్ట మీద మేం వేసిన ధర అలాగే ఉంటాయి. పుస్తకం వివరం, హక్కు మాదేనన్న రుజువు, ఫైలున్న లింకు పెట్టి ఫిర్యాదు పంపుతాం. ఆ రూలు ప్రకారం సర్వీసువాళ్లు 36 గంటల్లో ఆ ఫైలు ఎవరికీ అందకుండా ఆపాలి. ఆపేవాళ్లూ ఉన్నారు, కాదనం.

అసలు చిక్కు ఆ తర్వాతే. దావా వేసి 21 రోజుల్లో కోర్టు ఆర్డరు తెస్తామని ఆ ఫిర్యాదులోనే హామీ రాసివ్వాలి. ఎవరి మీద వేయాలి దావా? ఎక్కించినవాడిది మారుపేరు. వాడి ఫోన్ నంబరు సర్వీసువాళ్లను అడిగితే కోర్టు ఆర్డరు తెమ్మంటారు. వకీలు ఫీజు కట్టి, నోటీసులు వెళ్లి, మొదటి వాయిదా వచ్చేసరికే గడువు అయిపోతుంది, ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది. ఆపైన అదే చోట అదే పుస్తకం గురించి మేం ఎన్ని ఫిర్యాదులు పంపినా పట్టించుకోనక్కర్లేదని ఆ రూలే వాళ్లకు వెసులుబాటు ఇచ్చింది.

ఇంతా చేసి ఆగేది ఒక్క లింకు. గంట తిరక్కుండా అదే ఫైలు ఇంకో ఛానల్లో ఉంటుంది. హ్యాష్, అంటే ఫైలుకు వేలిముద్రలాంటి కోడ్, పోల్చి ఆపుతున్నామని సర్వీసులు అంటాయి. మొదటి పేజీ మీద ఛానల్ పేరు ముద్ర కొడితే చాలు, హ్యాష్ మారిపోతుంది. పేజీల్లోని పాఠాన్ని పోల్చితే తప్ప దొరకదు.

కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(సి) సర్వీసులకు ఇచ్చే రక్షణ తాత్కాలికంగానో, వేరే పనిలో భాగంగానో నిలిచే నకలుకే కదా. ఏళ్ల తరబడి సర్వర్లో ఉండి, చందా కట్టినవాళ్లకు వేగంగా దిగే ఫైలు ఆ రెండింట్లో ఏదవుతుందండీ? ఫలానా ఫైలని హక్కుదారు చెప్పాక తీసేయాల్సిందే, కోర్టు ఆర్డరు దాకా ఆగనక్కర్లేదని 2016లో మైస్పేస్ అనే వెబ్‌సైటు కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. రూలేమో మమ్మల్ని మళ్లీ కోర్టుకే తరుముతోంది.

సినిమాలకు 2023లో పైరసీ ఫిర్యాదులు తీసుకునే నోడల్ అధికారులను పెట్టారు. వాళ్ల ఆదేశం అందిన 48 గంటల్లో లింకు తీసేయాలి. పుస్తకం ఏం పాపం చేసింది?

మాకూ అలాంటి అధికారిని ఇవ్వండి. 21 రోజుల గడువు ఎత్తేయండి, కనీసం 90 రోజులన్నా చేయండి. ఒకసారి తీసేసిన పుస్తకం మళ్లీ ఎక్కకుండా చూసే బాధ్యత సర్వీసుదే అని రాయండి. ఎక్కించినవాడు తన పేరు, చిరునామాతో ‘ఇది నాది’ అని రాసిచ్చినప్పుడే మమ్మల్ని కోర్టు మెట్లెక్కమనండి.

ఇట్లు,
నెల్లూరు చిన్న ప్రచురణకర్తలు