మిర్చి చేలకు పోయే పిల్లలకు రేచీకటి

సంపాదకులకు,

మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకా నుంచి మిర్చి ఏరడానికి గోదావరి దాటి తెలంగాణకు పోయే కూలీలు చిన్నపిల్లల్నీ వెంట తీసుకుపోతారు. ఆ నెలల్లో సులువుగా తప్పిపోయేది రేచీకటి రాకుండా కాపాడే ఎ విటమిన్ మందు. 9వ నెలలో తట్టు టీకాతోపాటు 1 మి.లీ. (లక్ష యూనిట్లు), 16-18 నెలల మధ్య 2 మి.లీ., ఆపైన అయిదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి 2 మి.లీ. మొత్తం 9 సార్లు పడాలి.

"మాపటికల్ల పిల్లకు కండ్లు కానస్తలేవు" అని తల్లి అంటే దిష్టి తీసి ఊరుకోవద్దు, అది రేచీకటి కావచ్చు. మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు ఎ విటమిన్ లేనిదే పనిచేయవు. విరేచనాలో తట్టో వస్తే ఒంట్లో నిల్వ ఇంకా త్వరగా తరుగుతుంది. రెండేళ్ల పిల్లకు నోటితో చెప్పడం రాదు. పొద్దుగూకగానే ఒకచోట కూర్చుండిపోతుంది, ఎదురుగా ఉన్న గిన్నె కోసం తడుముతుంది. అదే వెలుతురులో తోటి పిల్లలు ఆడుకుంటుంటే అనుమానించాల్సిందే. తెల్లగుడ్డు మీద, చెవి వైపు, నురుగులాంటి మచ్చ ఉందేమో కూడా చూడాలి. ఇప్పుడే మందు పడితే చూపు ఒకటి రెండు రోజుల్లో తిరిగొస్తుంది. నల్లగుడ్డు మెత్తబడేదాకా ఆగితే పోయిన చూపు రాదు.

చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ఇది: ఏడాది దాటిన పిల్లకు 2 లక్షల యూనిట్లు ఆ రోజే, మర్నాడు మళ్లీ, కనీసం రెండు వారాలు గడిచాక మూడోసారి. ఆ మూడోసారికి కుటుంబం ఏ చేనులో ఉంటుందో!

(పెద్దలు ఏరే ఎర్ర మిరపపండులోనే ఎ విటమిన్‌గా మారే రంగు దండిగా ఉంది. పసిపిల్ల తినేది కాదు కదా. మునగాకు, బొప్పాయి పెట్టొచ్చు, కూరలో కాస్త నూనె పడాలి.)

తెలంగాణ వైపు టీకాలు వేసే ఏఎన్ఎమ్‌కు (ఊరి నర్సుకు) మన మరాఠీ టీకా కార్డు చదవడం రాకపోతే మందు వేయకుండా పంపేయవచ్చు, లేదా వేసినదే మళ్లీ వేయవచ్చు. మోతాదు మించితే వాంతులు, తలనొప్పి. కార్డులో 'జీవనసత్త్వ అ' అన్న వరుస వెతికి తేదీ చూస్తే చాలు. ఆ రెండు మాటలు తెలుగులో రాసిన చీటీ కార్డుకు అంటించి పంపమని ఇక్కడి ఆరోగ్య శాఖను కోరుతున్నాం. కిందటి మోతాదుకు ఆరు నెలలు నిండిన పిల్లలకు ఊరు దాటకముందే వేయాలి. తెలంగాణ అధికారులు కూలీల గుడారాలకు సందెవేళ ఒక్కసారైనా వెళ్లాలి, పగలు పోతే రేచీకటి కనపడదు. వెళ్లేవారు సీసాతో వచ్చిన గీతల చెంచానే వాడాలి, ఏడుస్తున్న పిల్ల ముక్కు మూసి పోయొద్దు. మూత తీసిన తేదీ సీసా మీద రాసి, 8 వారాలు దాటితే పారేయాలి.

— నేత్ర సహాయకులు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా