వార్షిక కార్యకలాపాల నివేదిక 2024–25: ఫాస్ఫరస్ కొలత, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్

సభ్యులందరికీ నమస్కారం.

జనవరి 12న డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పటానికి దండ వేయడం, ఇద్దరు ముగ్గురు మాట్లాడటం, టీ తాగి లేవడం మన సంఘంలో ఏటా జరిగేదే. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి హార్వర్డ్‌లో ఏం చేశాడన్న సంగతి ఆ ఉపన్యాసాల్లో రెండు వాక్యాలు దాటేది కాదు. ఈసారి కార్యవర్గం వేదిక తీసేసి, హాలులో బల్లలు వేయించి, వాటి మీద టెస్ట్ ట్యూబులు పెట్టించింది. ఏడాది పనుల్లో పెద్దది అదే కాబట్టి నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

ఫిస్కే–సుబ్బారావు పద్ధతి: చేసి చూడటం

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి ఇది. ఆమ్లంలో ఫాస్ఫేట్, మాలిబ్డేట్ కలిస్తే ఫాస్ఫోమాలిబ్డేట్ ఏర్పడుతుంది. దాన్ని క్షయకరణం చేస్తే నీలం వస్తుంది. ఫాస్ఫరస్ ఎంతుంటే నీలం అంత ముదురుతుంది. అంతకుముందు క్షయకరణానికి హైడ్రోక్వినోన్ వాడేవారు, ఆ రంగుకు నిలకడ తక్కువ. వీళ్లు దాని బదులు అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం తెచ్చారు. మన ల్యాబుల్లో దాన్నే ఆన్సా అంటున్నాం.

కొలతలు అడిగినవారి కోసం ఇక్కడే రాస్తున్నాం. ముందు 10 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం: 600 మి.లీ. నీళ్లలో 280 మి.లీ. గాఢ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోసి, చల్లారాక లీటరుకు నింపాలి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి గానీ నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. తెలిసిన సంగతే అయినా గోడకు కాగితం అంటించాం. మాలిబ్డేట్ ఒకటి కావాలంటే 2.5 గ్రాముల అమ్మోనియం మాలిబ్డేట్‌ను 20 మి.లీ. నీళ్లలో కరిగించి, ఈ ఆమ్లం 50 మి.లీ. కలిపి, 100కు నింపాలి. మాలిబ్డేట్ రెండుకు ఆమ్లం 30 మి.లీ. చాలు. ఒకటో రకం ఉత్త నీటి ద్రావణాలకు, రెండోది ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం (టీసీఏ) ఉన్న వడపోత ద్రవాలకు. అక్కడ టీసీఏ తన వంతు ఆమ్లం తెస్తుంది కాబట్టి ఆ మేరకు తగ్గించారు.

ఆన్సాకు 0.25 గ్రాముల పొడిని 97.5 మి.లీ. 15 శాతం సోడియం బైసల్ఫైట్‌లో వేసి, 2.5 మి.లీ. 20 శాతం సోడియం సల్ఫైట్ కలిపి బాగా ఊపాలి. పూర్తిగా కరగకపోతే సల్ఫైట్ ఇంకో అర మిల్లీలీటరు వేయొచ్చు, అంతకు మించి వద్దు. గోధుమరంగు సీసాలో, చల్లటిచోట ఉంచాలి. స్టాండర్డుకు (పోల్చి చూడటానికి, ఫాస్ఫరస్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) 0.3509 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌ను లీటరుకు కరిగిస్తే మిల్లీలీటరులో 0.08 మి.గ్రా. ఫాస్ఫరస్ ఉంటుంది. దాన్ని పది రెట్లు పలుచన చేస్తే 8 మైక్రోగ్రాములు.

ట్యూబులో 3 మి.లీ. ద్రావణం, కొంచెం నీళ్లు, 1 మి.లీ. మాలిబ్డేట్, ఊపాక 0.4 మి.లీ. ఆన్సా, ఆపైన 10 మి.లీ. గీత దాకా నీళ్లు. ఐదు నిమిషాలు ఆగి, కలరీమీటరులో 660 నానోమీటర్ల ఫిల్టరు పెట్టి చదవాలి. రంగు ఆ తర్వాత కూడా మెల్లగా ముదురుతూనే ఉంటుంది. అందుకే స్టాండర్డుకూ నమూనాకూ ఆన్సా ఒకేసారి పడాలి, చదవడమూ ఒకేసారి జరగాలి.

ఎక్కడెక్కడ తప్పింది

మొదటి విడతలో బ్లాంకే, అంటే ఫాస్ఫేట్ వేయని ట్యూబే, నీలం తిరిగింది. కారణాలు రెండు తేలాయి. ఒక బల్ల మీద నీటి ద్రావణానికి రెండో మాలిబ్డేట్ పోశారు. ఆమ్లం చాలకపోతే ఫాస్ఫేట్ లేకున్నా మాలిబ్డేటే నీలమైపోతుంది. ఇంకో బల్ల మీద ట్యూబులు సబ్బు పొడితో కడిగినవి. సబ్బు పొడిలోని ఫాస్ఫేట్ గాజుకు పట్టుకుని ఉంటుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఒకసారి, డిస్టిల్డ్ వాటరుతో మూడుసార్లు కడిగాక బ్లాంకు తెల్లబడింది. ఆమ్లం ఎక్కువైతే జరిగేది దీనికి తిరగేత: రంగు రావడానికే మొరాయిస్తుంది. సిలికేట్, ఆర్సెనేట్ కూడా ఇలాంటి నీలమే ఇస్తాయి. క్షారంలోకి గాజు నుంచి సిలికేట్ దిగుతుంది కాబట్టి క్షార ద్రావణాలను గాజు సీసాల్లో నెలల తరబడి ఉంచి వాడొద్దు.

ల్యాబ్ టెక్నీషియన్ల కోసం సీరం మీద మరో పూట విడిగా పెట్టాం. 1 మి.లీ. సీరానికి 9 మి.లీ. 10 శాతం టీసీఏ కలిపి, వడగట్టి, 5 మి.లీ. తీసుకుంటే అందులో అర మిల్లీలీటరు సీరం ఉన్నట్టు. వచ్చిన మైక్రోగ్రాములను 0.2తో హెచ్చిస్తే డెసిలీటరుకు మి.గ్రా. తెలుస్తుంది. పెద్దవాళ్లలో 2.5 నుంచి 4.5 మామూలు, పిల్లల్లో ఇంకాస్త ఎక్కువ. ఇక్కడ స్టాండర్డును కూడా నీళ్లతో కాక టీసీఏతోనే పలుచన చేయాలి. రక్తం గడ్డకట్టాక సీరం వేరు చేయకుండా మధ్యాహ్నం దాకా వదిలేసినా, ఎర్రకణాలు చిట్లినా, కణాల్లోని ఫాస్ఫరస్ బయటికొచ్చి లెక్క పెరుగుతుంది. అన్నం తిని వచ్చినవారిలో తగ్గుతుంది, ఎందుకంటే గ్లూకోజుతో పాటు ఇన్సులిన్ ఫాస్ఫేట్‌ను కూడా కణాల్లోకి తోస్తుంది. పరగడుపు నమూనా అడిగేది అందుకే.

నీలం ఆలస్యమైన ట్యూబు

అసలు ప్రదర్శన ఇది. 1920లలో కండరం సంకోచం అంటే అందరూ లాక్టిక్ ఆమ్లం గురించే మాట్లాడేవారు. కండరం మీద చేసిన పనికే ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ దక్కింది. కండరం వడపోతలో దొరికే ఫాస్ఫేట్ చాలావరకు అకర్బన ఫాస్ఫేటేనని అనుకునేవారు. ఫిస్కే, సుబ్బారావు తమ కొత్త పద్ధతిని కండరం మీద పెట్టేసరికి రంగు తేడాగా వచ్చింది. మొదట స్టాండర్డు కంటే వెనకబడింది, తర్వాత పెరుగుతూ పోయింది. రీజెంటు పాడైందనో ఏదో అడ్డొస్తోందనో ఆ ట్యూబును పారబోసి ఉండొచ్చు, మనలో చాలామందిమి అదే చేస్తాం. వాళ్లు మాత్రం ట్యూబులోనే ఏదో విరుగుతోందని, ఆ విరుపును మాలిబ్డేటే వేగిరపరుస్తోందని పట్టుకున్నారు. విరిగేది క్రియాటిన్ ఒక అణువుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఒక అణువు చొప్పున కలిసిన పదార్థం. 1927లో దాన్ని ప్రకటించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతిలో మళ్లీ చేరుతుంది. అదే ఏడాది లండన్‌లో ఎగుల్టన్ దంపతులు కప్ప కండరంలో ఇదే పదార్థాన్ని చూసి ఫాస్ఫాజెన్ అన్నారు.

దీన్ని కళ్లకు కట్టడానికి జంతువును చంపాల్సిన పని లేదు. అంగడి కోడిమాంసం పనికిరాదు కూడా, ప్రాణం పోయాక కాసేపటికే ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చైపోతుంది. కొన్న డైసోడియం ఫాస్ఫోక్రియాటిన్ టెట్రాహైడ్రేట్ వాడాం. 84.5 మి.గ్రా. చల్లటి నీళ్లలో లీటరుకు కరిగిస్తే పది రెట్లు పలుచన చేసిన మన స్టాండర్డుతో సమానమైన ఫాస్ఫరస్ ఉంటుంది. రెండు ట్యూబులు పక్కపక్కన పెట్టి, మాలిబ్డేట్ ఒకటి, ఆన్సా వేశాం. ఐదో నిమిషంలో స్టాండర్డు నిండు నీలం. రెండోది ఇంకా చాకలి నీలం పలచగా కలిపినట్టు ఉంది. అక్కణ్నుంచి ముదురుతూ, ముదురుతూ అరగంటకు మొదటిదాన్ని అందుకుంది. అయితే మొదటిరోజు ఇదీ తప్పింది. ద్రావణాన్ని ముందురోజే కలిపి బల్ల మీద వదిలేయడంతో రాత్రికి రాత్రే కొంత విరిగి, ట్యూబు మొదటినుంచే నీలంగా కనబడింది. కలిపిన గంటలోపు, మంచులో ఉంచి వాడాలి.

మన చుట్టూ రొయ్యల చెరువులే కాబట్టి ఒక పక్కమాట: రొయ్య, పీత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉండదు, దాని పని ఆర్జినిన్ ఫాస్ఫేట్ చేస్తుంది.

బ్యానర్ల మీది తప్పులు

"ఏటీపీని కనిపెట్టిన తెలుగువాడు" అని రాసిన పాత బ్యానరు ఇకమీదట కట్టవద్దని తీర్మానించాం. కణాలకు శక్తినందించే ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే–సుబ్బారావు విడివిడిగా వేరు చేశారు. ఉన్నది ఉన్నట్టు చెబితే సుబ్బారావుకు వచ్చే లోటేమీ లేదు. 1930లో డెన్మార్క్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ అయోడోఎసిటిక్ ఆమ్లంతో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపినా కండరం సంకోచించిందనీ, అప్పుడు ఖర్చయ్యింది ఫాస్ఫోక్రియాటినేననీ చూపాడు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు హెట్రజాన్ వగైరా 1940 తర్వాత అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో చేసిన పనులు. వాటికి వచ్చే ఏడాది వేరే పూట కేటాయిస్తాం.

జిమ్ కుర్రాళ్ల ప్రశ్నలు

అనుకోకుండా ఎక్కువమంది వచ్చిన సభ ఇది. కండరంలో ఏటీపీ రెండు మూడు సెకన్ల పరుగుకు సరిపడేంతే. తర్వాత దాదాపు పది సెకన్ల వరకు ఫాస్ఫోక్రియాటినే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము సాయంతో ఏటీపీని నింపుతుంది. సెట్టుకూ సెట్టుకూ మధ్య మూడు నిమిషాలు ఆగమనేది అది మళ్లీ నిండడానికే. క్రియాటిన్ పొడి రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. రోజుకు 20 గ్రాముల చొప్పున వారం మింగితే నిల్వ త్వరగా నిండుతుంది, అంతే. ఒంట్లోని క్రియాటిన్‌లో రోజుకు సుమారు 1.7 శాతం క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. అందుకే పొడి వాడేవారి సీరం క్రియాటినిన్ కిడ్నీ బాగున్నా కొంచెం ఎక్కువ రావచ్చు. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు పొడి సంగతి ముందే చెప్పమని టెక్నీషియన్ సభ్యులు మరీమరీ చెప్పారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ముట్టొద్దు.

మిగిలినవి

సర్వసభ్య సమావేశం సకాలంలో జరిగింది. ఆదాయవ్యయాల పట్టిక కోశాధికారి విడిగా పంపుతారు. పాఠశాలలకు కిట్లు పంపే ఆలోచన ఈ ఏడు వాయిదా పడింది, గాఢ ఆమ్లం ఉన్న పెట్టెను పిల్లల చేతికివ్వడం సరికాదని. ఆమ్లం ముందే పలుచన చేసి పంపే మార్గం చూస్తున్నాం.

కలరీమీటరు తీసుకెళ్లిన సభ్యులు క్యూవెట్లు తిరిగి ఇవ్వాలి. రెండు గీతలు పడ్డాయి, అవి బ్లాంకుకు కూడా పనికిరావు. అమ్మోనియం మాలిబ్డేట్ వచ్చే జనవరికి సరిపడా ఉంది. ఆన్సా పొడి ముదురు గోధుమరంగుకు తిరిగింది, డిసెంబరులోపు కొత్తది కొనాలి.