స్ట్రెయిటెనింగ్ మానేశాక: ఏ సీసా ఉంచాలి, ఏది ఎక్కడ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మహిళల పేజీల్లో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నవాళ్లకు సలహాలు వస్తాయి, ఉంగరాల జుట్టువాళ్లకూ వస్తాయి. స్ట్రెయిటెనింగ్ మానేసి సొంత ఉంగరాలను మళ్లీ పెంచుకుంటున్నవాళ్ల గురించి మాత్రం ఎవరూ రాయరు. బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా మన తెలుగువాళ్లలో ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. వీళ్ల తలమీద కుదుళ్ల దగ్గర ఒక రకం జుట్టు, కింద ఇంకో రకం. ఒకదానికి పడేది రెండోదానికి పడదు. అందుకే కొత్తవి కొనడం కన్నా ఇంట్లో ఉన్నవాటిలో ఏది ఏ భాగానికి పనికొస్తుందో తిరిగి చూసుకోవడం ముఖ్యం. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లకు ఈ ఉత్తరంతో పనిలేదు. మూడు కత్తెర్లతో సరిపెట్టుకున్నవాళ్లకే ఇదంతా.

ముందు తేల్చుకోవాల్సింది పార్లర్‌లో అసలేం చేశారన్నది. రీబాండింగ్, పర్మనెంట్ స్ట్రెయిటెనింగ్, స్మూతెనింగ్ అంటూ మన దగ్గర చేసేవాటిలో ఎక్కువగా ఉండేది అమోనియం థయోగ్లైకోలేట్ క్రీమే. అది వెంట్రుకలోని గంధక బంధాలను తెంచుతుంది. ఐరన్‌తో సాగదీశాక న్యూట్రలైజర్ వాటిని ఆ నిటారు ఆకారంలోనే మళ్లీ కలుపుతుంది. అలా మారిన భాగం ఇక ఉంగరం తిరగదు. మాస్కులు, నూనెలు, ‘బాండ్ రిపేర్’ సీసాలు దాన్ని కాస్త గట్టిపరచగలవు గానీ ఆకారాన్ని వెనక్కి తేలేవు. కెరాటిన్ ట్రీట్‌మెంట్ సంగతి వేరు. అది చాలావరకు పైపూత. మూడు నుంచి ఐదు నెలల్లో తలస్నానాలతో పలచబడి, ఐరన్ వేడికి దెబ్బతిన్నచోట తప్ప కింది ఉంగరం తిరిగొస్తుంది. కెరాటిన్ చేయించుకుని తొందరపడి బాబ్ కటింగ్ చేయించుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

వెంట్రుక నెలకు 1 నుంచి 1.25 సెం.మీ. పెరుగుతుంది. 30 సెం.మీ. జుట్టును అదే పొడవులో ఉంచి, పెరిగినంతా కింద కత్తిరిస్తూ పోతే పూర్తిగా మారడానికి రెండేళ్లు పైనే పడుతుంది. పది వారాలకోసారి 1.5 సెం.మీ. మాత్రమే తీయిస్తే పొడవు పెరుగుతుంది గానీ పాత భాగం పోవడానికి నాలుగేళ్ల దాకా సాగుతుంది. ‘ఆరు నెలల్లో అయిపోతుంది మేడమ్’ అనేవాళ్లు ఈ లెక్క వేయరు.

ఈ కాలమంతా జుట్టు ఎక్కువగా తెగేది ఒకే చోట: కొత్తది పాతది కలిసే గీత దగ్గర. పాత భాగం సాగి బలహీనపడి ఉంటుంది, కొత్తది గట్టిగా వంకర తిరిగి ఉంటుంది, లాగుడంతా ఆ గీత మీద పడుతుంది. ఆరు నెలలు గడిచేసరికి ఆ గీత కుదురు నుంచి 6, 7 సెం.మీ. దూరంలో ఉంటుంది. చాలామందికి పోనీటెయిల్ రబ్బర్‌బ్యాండ్ పడేది కూడా అక్కడే. బ్యాండ్ చోటు రోజూ మార్చాలి, గుడ్డ చుట్టిన బ్యాండే వాడాలి. స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లు హెల్మెట్ కింద పలచని శాటిన్ గుడ్డ కట్టుకుంటే లోపలి స్పాంజి ఒరిపిడి తగ్గుతుంది.

షాంపూ దగ్గర అందరూ వెతికేది ‘సల్ఫేట్ ఫ్రీ’ అన్న మాట. సల్ఫేట్ అంటే జిడ్డును గట్టిగా లాగే నురగ పదార్థం. ముందు వైపు రాసింది వదిలేసి వెనక జాబితా చూడాలి. సల్ఫేట్ లేదని అమ్మే కొన్నిటిలో సోడియం సి14-16 ఒలెఫిన్ సల్ఫోనేట్ ఉంటుంది. పేరుకు సల్ఫేట్ కాదు, జిడ్డు లాగడంలో దాదాపు అంతే ఘాటు. సోడియం కోకోయిల్ ఐసెథయోనేట్, డెసైల్ గ్లూకోసైడ్, కోకమిడోప్రొపైల్ బీటైన్ పైవరుసలో ఉంటే అది మెత్తని షాంపూ. అలాగని ఇంట్లో ఉన్న సల్ఫేట్ షాంపూ పారేయక్కర్లేదు. 10 మి.లీ. షాంపూను 50 మి.లీ. నీళ్లలో కలిపి మాడుకు మాత్రమే పట్టించి, వేళ్ల కొసలతో రుద్ది, నురగ కిందికి జారేటప్పుడు పొడవును అదే కడిగేలా వదిలితే చాలు. జుట్టంతా తల పైకి కుప్ప చేసి రుద్దితే గీత దగ్గర ముడులు పడి, దువ్వేటప్పుడు అక్కడే తెగుతుంది.

ఏ షాంపూ వాడినా బెంగళూరులో సగం ఫలితం నీళ్లను బట్టే ఉంటుంది. కావేరీ నీళ్లు వచ్చే వీధుల్లో పనిచేసిన సీసా, కఠినమైన బోరు, ట్యాంకర్ నీళ్లు వాడే అపార్ట్‌మెంట్‌లో పనిచేయదు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఆ స్థాయి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకకు అంటుకుంటాయి. రసాయనాలతో దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం (నెగటివ్ చార్జి) ఎక్కువ, ఆ ఖనిజాలది ధనావేశం కాబట్టి కొత్త దానికన్నా పాతదే వాటిని ఎక్కువ పట్టుకుంటుంది. ‘కండిషనర్ రాసినా చివర్లు చీపురులా ఉన్నాయి’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది, కండిషనర్ తప్పు కాదు.

సొసైటీలో నీళ్ల కాఠిన్యం తీసే సాఫ్టెనర్ ఉందా అని అడిగితే కొందరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటర్ ముంచి చూపిస్తారు. దాంతో తేలదు. సాఫ్టెనర్ కాల్షియాన్ని తీసి సోడియాన్ని వదులుతుంది, మీటర్‌లో అంకె పెద్దగా మారదు. సీసాలో సగం నీళ్లు పోసి, మామూలు సబ్బు అరగదీసిన నీళ్లు పది చుక్కలు వేసి ఊపండి. నురగ రాకుండా పాలలా తెల్లబడితే అవి కఠిన జలాలే. షవర్‌కు తగిలించే ఫిల్టర్లు కాఠిన్యాన్ని తగ్గిస్తాయని ఆశపడొద్దు. నెలకోసారి, బోరు నీళ్లయితే రెండు వారాలకోసారి, ఖనిజాలను లాగే షాంపూ వాడాలి. జాబితాలో టెట్రాసోడియం ఈడీటీఏ, సోడియం గ్లూకోనేట్, ఫైటిక్ ఆమ్లం వంటివి మధ్యలోనైనా కనిపించాలి. అట్టడుగున ఉన్న ఈడీటీఏ షాంపూ నిల్వ ఉండటానికి వేసింది, మన జుట్టు కోసం కాదు. ఆఖరి రెండు చెంబులు ఆర్‌ఓ నీళ్లతో పోసుకుంటే తేడా తెలుస్తుంది. లీటరు నీళ్లకు ఒక టేబుల్ స్పూను వెనిగర్ కలిపి పోసుకోవచ్చు, కానీ ఆ తర్వాత మళ్లీ బోరు నీళ్లు పోస్తే ఉపయోగం లేదు. నిమ్మకాయ నేరుగా మాడుకు రుద్దడం వద్దు.

కుంకుడుకాయకు కఠిన జలాల్లోనూ సబ్బులా తెట్టు కట్టదన్న గుణం ఉంది. గింజ తీసిన ఎనిమిది, పది కాయలు 250 మి.లీ. వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టి ఆ రోజే వాడెయ్యాలి. మల్లేశ్వరం, చిక్‌పేటల్లో మూలికలు అమ్మే గ్రంథిగె అంగళ్లలో అంటువాళకాయి అని అడిగితే ఇస్తారు. అయితే అది జిడ్డును బాగా లాగేస్తుంది కాబట్టి మాడుకే పరిమితం చేయాలి. సీకాయ పొడి, సున్నిపిండి మాత్రం ఈ రెండేళ్లూ పక్కన పెట్టడమే మంచిది. రుద్దితే గరుకు, సరిగా కడగకపోతే ఉంగరాల మధ్య రేణువులు.

కండిషనర్ చెవుల కింద నుంచి మొదలుపెట్టాలి. భుజాల దాకా ఉన్న జుట్టుకు 15, 20 మి.లీ. పడుతుంది. చాలామంది రూపాయి బిళ్లంత తీసుకుని పనిచేయలేదంటారు. అది తలకు ఉండగానే, నాలుగు పాయలు చేసి, ముందు వేళ్లతో, తర్వాత పెద్ద పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీయాలి. గీతకు పైన ఒక చేత్తో గట్టిగా పట్టుకుంటే లాగుడు దాని మీద పడదు. పొడి జుట్టును దువ్వడం పూర్తిగా మానెయ్యాలి.

సీరం గురించి ఇంటర్నెట్ మాట వినొద్దు. సిలికోన్ అనగానే విషంలా చూసే ధోరణి ఒకటి బలంగా ఉంది. పాత చివర్లకు సిలికోన్ మంచి రక్షణ, ఒరిపిడి తగ్గిస్తుంది. అమోడైమెథికోన్ అయితే దెబ్బతిన్నచోటే ఎక్కువగా అంటుకుంటుంది. పార్లర్ వాళ్లు అంటగట్టిన సీరం రెండు చుక్కలు చివరి నాలుగు అంగుళాలకు రాసుకోండి, కుదుళ్ల ఉంగరాలకు తగలనివ్వకండి. పూర్తిగా మెత్తని షాంపూకు మారినవాళ్లకు ఇది పేరుకుపోతుంది కాబట్టి నెలకోసారి సల్ఫేట్ షాంపూ వాడుకోవచ్చు. అందుకే పాతది పారేయొద్దన్నది.

ఇంటర్నెట్ వీడియోలతో ఇంకో చిక్కుంది. ‘ట్రాన్సిషన్’ (స్ట్రెయిటెనింగ్ మాని సొంత జుట్టుకు మారడం) గురించిన వాటిలో చాలావరకు ఆఫ్రికా సంతతి స్త్రీలు చేసినవి. వాళ్లు వదిలేస్తున్న రిలాక్సర్లలో (జుట్టును సాపు చేసే క్రీముల్లో) చాలావాటిలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, జుట్టు బిగుతైన స్ప్రింగులు. వాళ్లకు చిక్కని షియా బటర్ క్రీములు అమృతం. మన వదులు ఉంగరాలకు అవే రాస్తే కుదుళ్లు అణిగిపోయి, మాడు జిడ్డెక్కి, ‘నా జుట్టు ఉంగరాలది కాదేమో’ అన్న అనుమానం వస్తుంది. వారం రోజులు ఆ క్రీము ఆపి చూడండి.

కొబ్బరినూనె తలస్నానానికి ముందు రాస్తే మేలు. అది వెంట్రుకలోకి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా ఆపుతుందని, మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె అలా చేయలేదని 2003లో ఒక పరిశోధన వచ్చింది. చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీ వాళ్లే అయినా వాళ్లు చెప్పిన కారణం సబబుగానే ఉంది: అందులోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, నిలువైనది. రెండు చెంచాలు పొడవుకు, చివర్లకు పట్టించి గంట ఉంచితే చాలు. చుండ్రు ఉన్నవాళ్లు మాడుకు నూనె రాసి రాత్రంతా ఉంచకూడదు. ఆముదం ఒక్కటే రాయడం ఈ దశలో ప్రమాదం. అంత చిక్కని నూనెతో పాత జుట్టు అట్ట కట్టి, విడదీయలేక కత్తిరించాల్సి వచ్చిన సందర్భాలున్నాయి.

గుడ్డు సొన చిట్కా ఇక ఆపెయ్యండి. దాని ప్రొటీన్ అణువులు వెంట్రుకలోకి దూరేంత చిన్నవి కావు. వేడినీళ్లు పోస్తే తలమీదే ఉడుకుతుంది. పాత చివర్లకు ప్రొటీన్ కావాలంటే ‘హైడ్రొలైజ్డ్’ (చిన్న ముక్కలు చేసిన ప్రొటీన్) అని రాసివున్న మాస్క్ మూడు, నాలుగు వారాలకోసారి వాడండి. గట్టిగా, పెళుసుగా అనిపిస్తే ఆపండి.

అవిసె గింజల జెల్ మాత్రం ఇంట్లో చేసుకోదగ్గదే. పావు కప్పు గింజలు రెండు కప్పుల నీళ్లలో మరిగించి, గరిటె ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొనలా సాగగానే దించి వేడిమీదే వడకట్టాలి. చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, వాసన మారితే పారబోయాలి. నీళ్లు కారుతున్న జుట్టుకు రెండు చెంచాలు రాసి, పిడికిట్లో పైకి నొక్కి, పాత టీషర్టుతో అద్ది, ఆరేదాకా ముట్టుకోకూడదు. నిటారు చివర్లు కలిసిపోవాలంటే ముప్పాతిక ఆరిన జుట్టును రెండు వదులు జడలు వేసి పడుకుంటే తెల్లారేసరికి రెండూ ఒకే అలలో కుదురుతాయి. పూర్తి తడి మీద జడ వేస్తే లోపల ఆరక వాసన వస్తుంది. గాలిలోని తేమను పట్టుకునే గ్లిజరిన్ జాబితాలో పైనున్న క్రీములు మార్చి నెల పొడిగాలిలో ఒకలా, వానాకాలంలో ఇంకోలా ప్రవర్తిస్తాయి. చెన్నైలో చుట్టాలింటికి వెళ్లినప్పుడు అదే క్రీముతో జుట్టు ఉబ్బిందంటే కారణం అక్కడి తేమ.

మధ్యలో పెళ్లి వస్తుంది. ‘రసాయనాలు లేవు, ఉంగరం పోదు’ అంటూ హెయిర్ బోటాక్స్, నానోప్లాస్టియా అనే సాపు చేసే ట్రీట్‌మెంట్లను పార్లర్ వాళ్లు అంటగట్టేది అప్పుడే. వాటిలో చాలావాటిలో గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. దానితో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నవాళ్లలో మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలు 2024లో వైద్య పత్రికల్లో వచ్చాయి. సీసా చూపించమని అడగండి, చూపించకపోతే లేచి వచ్చెయ్యండి. ఆ ఒక్కరోజుకు ముడి వేసి పూలు పెట్టుకోవచ్చు.

మీ పత్రికను ఒకటి కోరుతున్నాం. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా లేబుల్ మీద రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాయొచ్చు. 60 మి.లీ. కన్నా చిన్న ద్రవ ప్యాకెట్లకు ఆ జాబితా తప్పనిసరి కాదు, అంటే సాషేలు కొనేవాళ్లకు ఏమీ తెలియదు. పెద్ద సీసాల మీద ఉన్నదీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే. పైన చెప్పిన పదార్థాల పేర్లను తెలుగులోనూ, సీసా మీద కనిపించే ఇంగ్లిష్ అక్షరాల్లోనూ పక్కపక్కన పెట్టి, ఏది మాడుకు, ఏది చివర్లకు అన్నది చెబుతూ మహిళల పేజీలో ఒక్కసారి పట్టికగా వేయండి. కత్తిరించి బాత్‌రూమ్ తలుపుకు అంటించుకునే కొలతలో ఉంటే మరీ మంచిది.

ఇట్లు,
కేశ సంరక్షణ వృత్తిలో ఉన్న పాఠకులం,
మారతహళ్లి, బెంగళూరు