ఒటాకుల ఫొటోలు కావవి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జపాన్ ఒటాకుల వేషధారణ మీద వేసిన వ్యాసం చదివాను. యానిమే (జపాన్ యానిమేషన్), మాంగా (జపాన్ బొమ్మల కథలు), గేములు, పాటల బృందాలు, వీటిలో ఏదో ఒకదాని మీద ప్రాణం పెట్టే అభిమానులని బాగానే పరిచయం చేశారు. చిక్కంతా ఫొటోలతోనే. మూడు ఫొటోలు వేసి, మూడింటి కిందా ‘ఒటాకు ఫ్యాషన్’ అని రాశారు. నేను టోక్యోలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో ఉంటాను. సెలవు దొరికితే, ఈ అభిమానుల సరుకు అమ్మే అకిహబరా పేట దుకాణాల్లో తేలతాను. అందుకే ఈ ఉత్తరం.

మొదటి ఫొటోలో నల్ల గౌను, తెల్ల ఏప్రన్‌తో వీధిలో కరపత్రాలు పంచుతున్న అమ్మాయి మెయిడ్ కెఫే, అంటే పనమ్మాయి వేషంలో వడ్డించే కాఫీ దుకాణం, ఉద్యోగిని. అలాంటి కెఫేల్లో శాశ్వతంగా నడిచే మొదటిదాన్ని అకిహబరాలో 2001లో తెరిచారు. ఆ గౌను ఆమె యూనిఫాం. డ్యూటీ దిగాక మామూలు బట్టల్లోకి మారి రైలెక్కుతుంది. పెళ్లిలో వడ్డించే కేటరింగ్ కుర్రాడి బో టై చూసి, తెలుగువాళ్లు టై కట్టుకునే భోంచేస్తారని రాసినట్టుంది ఇది. రెండో ఫొటో టోక్యోలోని ఫ్యాషన్ పేట హరాజుకులో తీసింది. కుచ్చులు, లేసులతో ఉన్న ఆ లోలిటా గౌన్లు వేసుకునేవాళ్ల సరదా బట్టల మీదే. యానిమే మొహం చూడనివాళ్లు కూడా వాళ్లలో ఉంటారు.

మూడోది కోస్‌ప్లే, అంటే ఇష్టమైన పాత్రలా వేషం కట్టడం, ఫొటో. ఏటా ఆగస్టులో, డిసెంబరులో టోక్యో బిగ్ సైట్ ప్రదర్శనశాలలో కొమికెట్ జరుగుతుంది. అభిమానులు సొంతంగా అచ్చేసుకున్న పుస్తకాలు అమ్ముకునే సంత అది. 2019 డిసెంబరులో నాలుగు రోజులకు కలిపి దాదాపు 7.5 లక్షల మంది వచ్చారు. వేషం కట్టేవాళ్లు అందులో కొద్దిమందే. పైగా ఇంటి దగ్గరే వేషం వేసుకుని రావడం, అదే వేషంతో తిరిగి వెళ్లడం అక్కడ నిషిద్ధం. రుసుము కట్టి, లోపల మార్చుకునే గదిలో వేసుకోవాలి, వెళ్లే ముందు విప్పేయాలి. అలాంటి వేషాన్ని రోజువారీ దుస్తులని ఎలా రాశారో అర్థం కాలేదు.

వ్యాసంలో వర్ణించిన మనిషి మాత్రం వేరు. గళ్ల చొక్కా ప్యాంటులోకి దోపి, లావు కళ్లద్దాలు, నుదుట కట్టిన గుడ్డ (బండానా), వీపున బ్యాగు. ఈ బొమ్మకు చరిత్ర ఉంది. 1983లో నకమొరి అకియో అనే రచయిత ఒక మాంగా పత్రికలో రాసిన వ్యాసాలతోనే ‘ఒటాకు’ అన్న పేరు అంటుకుంది. కొమికెట్‌కు వచ్చిన కుర్రాళ్లవి తల్లులు సూపర్‌మార్కెట్లో కొనిచ్చిన చౌక చొక్కాలని, నకిలీ బూట్లని, ఉబ్బిపోయిన భుజం సంచులని ఆయన ఎద్దేవా చేశాడు. 1989లో నలుగురు చిన్నారులను చంపిన యువకుడు పట్టుబడ్డాడు. అతని గది నిండా వేల వీడియో టేపులు కనిపించేసరికి ఎగతాళి కాస్తా భయమైంది. 2005లో ఫుజి టీవీ ‘దెన్షా ఒతోకో’ సీరియల్ వేసింది. రైల్లో తాగుబోతు నుంచి ఒక అమ్మాయిని కాపాడిన ఒటాకు, ఆమె కోసం జుట్టు కత్తిరించుకుని, బట్టలు మార్చుకుని మనిషవుతాడు. బండానా, బ్యాగుల బొమ్మ ఇంటింటికీ చేరింది అప్పుడే.

అలాంటి కుర్రాళ్లు అసలు లేరని నేననను. టోక్యో ఆగస్టు ఉక్కలో గంటల తరబడి వరుసలో నిలబడేవాడు చెమట కారకుండా తలకు గుడ్డ కట్టుకుంటాడు. కిలోల కొద్దీ పుస్తకాలు మోస్తూ రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలంటే వీపు సంచే దిక్కు. చొక్కా మీద పెట్టే డబ్బుతో నాలుగు పుస్తకాలు వస్తాయని లెక్కేసుకునేవాడు అద్దం ముందు ఎందుకు నిలబడతాడు? ఇప్పుడైతే పని రోజు సాయంత్రం అకిహబరాలో బొమ్మల షెల్ఫుల ముందు ఆఫీసు సూట్లే కనిపిస్తాయి. కుర్రాళ్లు ఊరందరిలాగే యూనిక్లో అనే బట్టల కంపెనీ దుస్తుల్లో ఉంటారు. మాంగా బొమ్మల టీషర్టులు ఆ కంపెనీయే అమ్ముతోంది కనుక, ఛాతీ మీద బొమ్మ ఉందని ఒటాకు అనడానికీ వీల్లేదు.

మీ వ్యాసంలో ఆడవాళ్లు, అభిమానులుగా, ఒక్కరూ లేరు. నన్ను ఎక్కువగా నొప్పించింది ఇదే. 1975 డిసెంబరులో జరిగిన మొదటి కొమికెట్‌కు 32 బృందాలు, సుమారు 700 మంది వస్తే, అందులో అత్యధికులు బడి అమ్మాయిలు. ఇవాళ టోక్యోలోని ఇకెబుకురో పేటలో ఒటోమె రోడ్డు దుకాణాలు నడిచేది ఆడవాళ్ల కొనుగోళ్ల మీదే. వాళ్లు పక్క సీటు ఉద్యోగినిలాగే ఉంటారు కాబట్టి ఎవరూ కార్టూన్ గీయలేదు. చూడటం తెలిస్తే ఆనవాళ్లు ఉంటాయి. తమకిష్టమైన గాయకుడికో పాత్రకో కేటాయించిన రంగు గోళ్ల మీదో జాకెట్టు మీదో మెరుస్తుంది. పారదర్శకమైన కిటికీ ఉన్న సంచిలో ఒకే పాత్ర బ్యాడ్జీలు బారులు తీరి ఉంటాయి. మన ‘బాహుబలి 2’కి 2018లో ఇక్కడ కేకలు పెట్టి చూసే ప్రత్యేక ప్రదర్శనలు వేసినప్పుడు పెన్‌లైట్లు (చేతిలో పట్టుకునే వెలుగు కర్రలు) ఊపుతూ హాళ్లను హోరెత్తించిన అభిమానుల్లోనూ ఆడవాళ్లు ఎందరో. ఆ ఏప్రిల్‌లో రాజమౌళి గారు స్వయంగా వచ్చి చూశారు. తెలుగు పత్రికకు ఒటాకులంటే ముందు గుర్తు రావలసింది వాళ్లే కదా!

వచ్చే ఆదివారం మూడు ఫొటోల వ్యాఖ్యలూ సవరించి వేయండి. మరో మాట. కొమికెట్‌లో వేషం కట్టినవాళ్లని అడగకుండా ఫొటో తీయకూడదు, వీధిలో మెయిడ్ కెఫే అమ్మాయిలని తీయడానికీ చాలా కెఫేలు ఒప్పుకోవు. మీరు వేసిన ఫొటోల్లో ముఖాలు స్పష్టంగా ఉన్నాయి. అనుమతి తీసుకోకపోయి ఉంటే ఈ-పేపర్ నుంచి వాటిని వెంటనే తీసేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు
నిషికసాయ్, టోక్యో