28 రోజుల లెక్క: బ్రిటన్ విద్యార్థి వీసాలు చూసే మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

ఇదివరకు మీకు రెండుసార్లు రాశాను. రెండుసార్లూ "మీ ఉత్తరం అందింది" అని నిమిషంలో ఆటోమేటిక్ జవాబు వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు కాబట్టి ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

మా అమ్మాయి క్యాస్ (సీటు ఖాయమని యూనివర్సిటీ ఇచ్చే పత్రం) తెచ్చుకుంది, వీసా కోసం టీబీ పరీక్ష చేయించుకుంది. డబ్బు నా ఖాతాలో చూపిస్తున్నాం కాబట్టి పుట్టిన సర్టిఫికెట్, దానికి ఇంగ్లిషు అనువాదం, నా సమ్మతి పత్రం, అన్నీ ఫైల్లో పెట్టుకుంది. తేలనిది ఒక్కటే, చూపించే డబ్బు ఖాతాలో వరుసగా 28 రోజులు తగ్గకుండా ఉండాలన్న మీ లెక్క.

నెలవారీ ఖర్చు కింద చూపించాల్సిన మొత్తాన్ని 2025 జనవరిలో పెంచారు, మళ్లీ నవంబర్ 11 నుంచి పెంచారు. లండన్ బయట చదివేవాళ్లకు నెలకు 1,171 పౌండ్లు, తొమ్మిది నెలలకు 10,539. మిగిలిన ఫీజు దీనికి అదనం. సరే, తెచ్చాం. ఎలా తెచ్చామో మీకెందుకు లెండి.

డబ్బు వేసిన రోజు నుంచి గోడ క్యాలెండర్‌లో పెన్సిల్‌తో రోజుకో సున్నా చుట్టాను. ఇరవై మూడో సున్నా చుట్టిన రాత్రి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. బ్యాంకు వాళ్లు లాకర్ అద్దె కోసేసుకున్నారు. చూపించాల్సిన మొత్తం కంటే బ్యాలెన్స్ కాస్త తగ్గింది. పొద్దున్నే పరిగెత్తి ఆ లోటు పూడ్చాను. ఏం లాభం? మీ లెక్కలో ఆ ఒక్క రాత్రి, ముందరి ఇరవై రెండు రోజులనూ మింగేసింది. మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఈలోగా యూనివర్సిటీలో చేరడానికి చివరి తేదీ దాటిపోయి, సీటు వచ్చే విడతకు వాయిదా పడింది. క్యాస్ కొత్తది కావాలి. టీబీ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి ఆ ఎక్స్‌రే కూడా మళ్లీ తీయించాలి.

నాకు అసలు అర్థం కానిది ఇంకోటి ఉంది. పిల్ల పేరు మీద బ్యాంకు నుంచి విద్యా రుణం మంజూరు పత్రం తెస్తే ఈ 28 రోజుల నిబంధనే లేదట! సొంత డబ్బు మీద అనుమానం, అప్పు మీద నమ్మకం. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి దీనికి తలకిందులుగా చెప్పారు, తప్పు మాదే కాబోలు.

డబ్బు దొంగచాటుగా తెచ్చి రెండు రోజులు చూపించి తీసేసేవాళ్లు ఉంటారు, కాదనను. వాళ్లను పట్టుకోండి. కానీ 28 రోజుల్లో ఒక రాత్రి కాస్త తగ్గి మర్నాడే నిండిన ఖాతాను చూస్తే దొంగ ఎవరో, లాకర్ అద్దె కట్టినవాడు ఎవరో తెలియదా? ఒకటి రెండు రోజుల తేడాని మన్నించండి. లేదంటే సగటు చూడండి. అదీ కాదంటే కనీసం వివరణ అడిగే వీలైనా పెట్టండి. ఏదో ఒకటి చేయండి సార్, దయచేసి.

ప్రస్తుతానికి కొత్త క్యాలెండర్‌లో మళ్లీ సున్నాలు చుడుతున్నాను. ఇవాళ్టికి ఆరు. లాకర్ మాత్రం ఖాళీ చేసి తాళంచెవి బ్యాంకుకే ఇచ్చేశాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి