ట్రంకు రోడ్డులో మా నాయన పక్కన కూర్చున్న అన్నకు

పేరు బయట పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టను అన్నా. చెప్పకుండా మాత్రం ఉండలేను.

మొన్న మధ్యాహ్నం మా నాయన ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఎనభై దాటాయి, మతిమరుపు. ఒకప్పుడు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో గుమాస్తా. ఎప్పుడో మూతపడిన కొట్టు తెరవాలని తాళంచెవుల గుత్తి పట్టుకుని బయల్దేరాడు. నాలుగు గంటలు వెతికాం.

జేబులో చీటీ చూసి మీరు ఫోన్ చేశారు. నేనొచ్చేసరికి నెల్లూరు ట్రంకు రోడ్డులో మీ కొట్టు మెట్ల మీద ఇద్దరూ కూర్చోనున్నారు. బొబ్బలెక్కిన కాళ్లు బకెట్టు నీళ్లలో, తడిపిన మీ తువ్వాలు ఆయన నెత్తిన. బేరాలు వదిలేసి మరీ కూర్చున్నారు. "ఆ కొట్టు ఇప్పుడు లేదు పెద్దాయనా" అని ఒక్కసారి కూడా అనలేదు. "అప్పుడు ఈ రోడ్డు ఎట్టా ఉండేది?" అని అడుగుతూనే ఉన్నారు.

ఆయన చెబుతున్నాడు. ఇది మద్రాసు నుంచి కలకత్తా పోయే పాత దారంట. బైపాస్ లేని రోజుల్లో లారీలు ఊరి మధ్యనుంచే పోయేవంట. స్టోన్‌హౌస్ అనే కలెక్టరు పేరు మీద ఆ పేట వెలిసిందంట. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనదీ మద్రాసు రాష్ట్రమే కదా, సరుకంతా మద్రాసు వైపే పోయేదంట. ఇన్నేళ్లలో ఇవేవీ నేను అడగలేదు.

లేచేటప్పుడు తాళంచెవులు మీ చేతిలో పెట్టి, "లెక్క చూసి తాళం వెయ్యి అబ్బయ్యా" అన్నాడు. "అట్టాగే అయ్యా" అని మీరు కళ్లకద్దుకున్నారు. ఆయన ఆటో ఎక్కాక నా చేతికిచ్చారు.

ఆ రాత్రి నాయన కలవరించకుండా నిద్రపోయాడన్నా.